శౌరి కాలికి రిపేరు

ఆ రోజు అనుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే నాగభూషణరావు గారిని కారులో శావల్యాపురం తీసుకెళ్ళాలి. అక్కడ ఆయన ఎవరిదో గట్టు తగాదా తీరుస్తుంటే తను నీడ పట్టున కారు తుడుచుకోవాలి. ఎండ ముదరకముందే నరసరావుపేట వచ్చి పడాలి. పదేళ్ళకు పైగా ఇదే పని చేస్తున్న శౌరి, ఇందులో బుర్ర పెట్టవలసింది ఏముందిలే అనుకుంటూ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, పాపం.

కారు గురించి ముందే రెండు మాటలు చెప్పుకోవాలి. అది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సీమ కారు. మద్రాసులో ఏదో జమీందారీ వారి సామాను అమ్మకానికి వస్తే నాగభూషణరావు గారు ముచ్చటపడి తెచ్చుకున్నారు. పల్నాడు మొత్తానికి అలాంటి బండి అదొక్కటే. పేటలో అందరూ దాన్ని పెద్దకారు అంటారు, శౌరిని పెద్దకారు శౌరి అంటారు. మనిషికి సెంటు భూమి లేదు, ఇల్లు రెండు గదులు. కానీ ఆ సీటులో కూర్చుని స్టీరింగు మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం మాచర్ల నుంచి చిలకలూరిపేట దాకా శౌరి ఎవరికీ తీసిపోడు. ఆ సంగతి శౌరికి తెలుసు, ఊరికీ తెలుసు.

అరవై ఒకటో సంవత్సరం అది. కోటప్పకొండ తిరునాళ్ళు వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు. శౌరి నెల రోజుల తరవాత మళ్ళీ పనిలోకి వస్తున్నాడు. పెళ్ళాం ఫిలోమినాకు టైఫాయిడ్ తిరగబెట్టి గుంటూరు ఆసుపత్రిలో పడితే, ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుని, "ఈ మనిషి లేచి ఇంటికి నడిస్తే తపస్సు కాలమంతా ఒక్కపొద్దుంటాను తల్లీ, నీచు ముట్టను" అని మరియమ్మ తల్లికి మొక్కుకున్నాడు. ఫిలోమినా లేచింది, నడిచింది, ఇంటికి వచ్చిన మర్నాడే గిన్నెలు సరిగా తోమలేదని మొగుణ్ణి తిట్టింది కూడా. ఇక మొక్కు చెల్లించక తప్పుతుందా? ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి శౌరి మధ్యాహ్నం ఒక్కపూటే తింటున్నాడు.

నాగభూషణరావు గారి పెద్దింటికి వెళ్ళి బానెట్టు ఎత్తి రేడియేటరులో నీళ్ళు పోస్తుంటే, ఇంజను పక్కన ఒకచోట కొబ్బరిపీచు చుట్టి బిగించిన కొయ్య బిరడా కనిపించింది. ఇదివరకు అక్కడ నల్ల రబ్బరు పైపు ఏదో ఉన్నట్టు లీలగా గుర్తు. నాగభూషణరావు గారికి ఇనుప సామాను కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఇంట్లో గడియారాలన్నీ ఆయన చేతుల్లోనే కాలం చేశాయి. అయ్యగారు పెట్టిన బిరడా ఎందుకు పెట్టారని డ్రైవరు అడిగితే ఏం బాగుంటుంది? శౌరి బానెట్టు మూసేశాడు.

రైలుగేటు వేసి ఉంది. శౌరి మామూలుగా బ్రేకు మీద కాలు ఆనించాడు. ఎప్పుడూ ఆనిస్తే చాలు, కారు మర్యాదగా ఆగేది. ఇవాళ గోడను తొక్కినట్టుంది. కారు మాత్రం తన దారిన తాను పోతోంది.  శౌరి స్టీరింగు పట్టుకుని సీటులోంచి లేచి, ఒంట్లో ఉన్న బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడ్డాడు. కారు మూలుగుతూ వెళ్ళి ముందు బంపరు గేటుకు తగిలీ తగలనట్టు ఆగింది.

"గేటుకి ముద్దు పెడతన్నావేందిరా?" అన్నారు వెనక సీటులోంచి నాగభూషణరావు గారు.

"నిద్ర చాల్లేదయ్యా" అన్నాడు శౌరి. అబద్ధం కూడా కాదు. నెల రోజులుగా నిద్ర ఎక్కడిది?

గేటు తీసేదాకా కాలు వణుకుతూనే ఉంది. ఆ వణుకు చూసుకున్న కొద్దీ శౌరికి ఇంకో వణుకు పట్టుకుంది. తండ్రి అంతోని ఎడ్లబండి తోలేవాడు. సరిగ్గా ఈ వయసులోనే ఆయనకు కాలు పట్టు తప్పింది, తరవాత మంచం దిగలేదు. ఇది బ్రేకు గట్టిపడటం కాదు, కాలు చచ్చుబడటమే అని శౌరి అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. ఆ మాట బయటికి వస్తే ఈ సీటు ఉండదు. అందుకని నోరు మూసుకున్నాడు.

అప్పటినుంచి పేటలో ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ పల్లం ఉందో శౌరికి తెలిసినంత బాగా తాలూకా ఆఫీసు వాళ్ళకు కూడా తెలియదు. ఎత్తు మీద అయితే కారు దానంతటదే నెమ్మదిస్తుంది. కాబట్టి ఎత్తున్న చోటే ఆపేవాడు. రెండు వీధుల ముందు నుంచే కాలు బిగించేవాడు. వారం తిరక్కుండానే నాగభూషణరావు గారికి ఓపిక అయిపోయింది.

"కోర్టు కాడ దిగాలన్నానా? చింతపండు కొట్ల కాడ దించావేంది?"

"కోర్టు పల్లంలో ఉందయ్యా."

"కోర్టు పల్లంలో ఉంటే నేను మిట్టన దిగి నడవాలా? ఏందిరా నీ కథ?"

"బ్రేకు కొంచెం గట్టిపడ్డట్టుందయ్యా" అని నసిగాడు శౌరి.

నాగభూషణరావు గారు కోపిష్టే గానీ అన్యాయం చేసే మనిషి కాదు. బండిని వెంటనే చాంద్ బాషాకు చూపించమన్నారు, తనూ వెళ్ళారు. చాంద్ బాషా ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. ఇప్పుడు బస్టాండు వెనక రేకుల షెడ్డులో లారీలు బాగుచేస్తాడు. మాట తక్కువ, బరువు ఎక్కువ. ఆయన సీటులో కూర్చోగానే కారు ఒక పక్కకు ఒరిగింది. రోడ్డు మీదికి తీసుకెళ్ళి బ్రేకు మీద కాలు వేశాడు. కారు ఉన్నచోటనే ఆగిపోయింది, వెనక నాగభూషణరావు గారి పైపంచ ఒళ్ళోకి జారింది.

"బ్రేకుకేం కాలేదు రావుగారూ" అన్నాడు బాషా దిగుతూ. "ఆయిలుంది, లైనింగులున్నయ్. తొక్కితే ఆగింది."

"అన్నం తినక నీరసమేమో భాయ్. ఒక్కపొద్దు మీదున్నా" అన్నాడు శౌరి ఆశగా.

"నాదీ ఒక్కపొద్దే. రంజాన్ నెల. మరి నా కాలు తొక్కలా?"

 నాగభూషణరావు గారు శౌరి కాలి వంక చూశారు. బాషా కూడా చూశాడు. షెడ్డులో టీ తాగుతున్న ఇద్దరు లారీ వాళ్ళు కూడా చూశారు. ఆ కాలుకు అంత గుర్తింపు రావడం పుట్టాక అదే మొదలు.

"నా ఒక్కడి సంగతైతే ఊరుకుందును రా" అన్నారు నాగభూషణరావు గారు మెల్లగా. "అమ్మ కూడా ఎక్కుద్ది కార్లో. మీ ఈస్టరు పండగ దాకా చూస్తా. అప్పటికీ కాలు దారికి రాకపోతే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

శౌరి తల ఊపాడు.

సంగతి విని నాగభూషణరావు గారి తల్లి వీరరాఘవమ్మ గారు రంగంలోకి దిగారు. డెబ్భై దాటిన మనిషి, ఇల్లంతా ఆవిడ కనుసన్నల్లోనే నడుస్తుంది. శౌరిని పెరటి వసారాలో నిలబెట్టి ఎగాదిగా చూశారు.

"ఎండుకట్టె అయ్యావు కదరా. అన్నం తినకుండా బండ్లు తోల్తే కాలు పోకేం చేస్తది?"

"మొక్కు అమ్మగారూ."

"మొక్కు జోలికి నేనెందుకు వస్తా? ఏకాదశి ఏకాదశికీ నేనుండట్లా? ఒక్కపొద్దంటే ఒక్కసారి తినటమేగా. ఎంత తినాలో మీ సాములోరు చెప్పాడా?"

శౌరి ఆలోచించాడు. "చెప్పలేదమ్మగారూ."

"అయితే కూర్చో."

ఆ రోజు నుంచి శౌరి ఒక్కపొద్దు పెద్దింటి వసారాలో సాగింది. నెయ్యి గరిటెలతో పడేది. పప్పు, మినపరొట్టె, వెన్న, గడ్డపెరుగు, ఆ పైన సున్నుండలు. నీచు లేదు, రెండోసారి లేదు, మొక్కుకు ఎక్కడా భంగం లేదు. తిన్న మనిషి పైకి లేవడానికి మాత్రం స్తంభం పట్టుకోవలసి వచ్చేది. పక్కనే ఉన్న డ్రమ్ములోంచి వీరరాఘవమ్మ గారు స్టవ్వుకు కిరసనాయిలు పట్టుకుంటూ, "మా నాగభూషణం దీనికి పైపు పెట్టాడు చూశావా? ఇదివరకు డ్రమ్ము వంచితే సగం నేలపాలయ్యేది" అని మురిసిపోయేవారు. శౌరి చూసేవాడు. నల్ల రబ్బరు పైపు, మంచి పైపే. "బాగుందమ్మగారూ" అని మళ్ళీ విస్తట్లోకి వంగేవాడు.

తిండి సంగతి ఆవిడ చూసుకుంటే, కాలి సంగతి చాంద్ బాషాకు అప్పగించారు. కాలు పోయిన కుస్తీవాళ్ళను బాగుచేసిన చెయ్యి ఆయనది. రోజూ పొద్దున్నే శౌరి షెడ్డుకు వెళ్ళాలి. ముందు ఆముదం మర్దన, ఆ ఆముదం కూడా వీరరాఘవమ్మ గారు పంపిందే, పెద్ద జాడీ నిండా. తరవాత వావిలాకు కాపడం. ఆ తరవాత బస్కీలు. కూర్చుని లేవాలి, లేచి కూర్చోవాలి, బాషా చాలన్నదాకా. చివర ఇసక బస్తాను గోడకు ఆనించి కుడికాలితో నెట్టాలి. పెద్దకారు షెడ్డు బయట చల్లగా నీడన నిలబడి ఉండేది. రిపేరు లోపల డ్రైవరుకు జరుగుతుండేది.

ఇంట్లో ఫిలోమినా ముఖం మాడ్చుకుంది.

"ఒక్కపొద్దుకి నేను వండిన అన్నం పనికి రాలా? రోజూ పెద్దింట్లోనే. నా చేతి వంట చేదయిందా ఏంది?"

"అది కాదే."

"మరేంది? ఆ ఆముదం కంపేంది? దుప్పటి కూడా అదే కంపు."

దాచి దాచి శౌరికి కూడా విసుగు పుట్టింది. మంచం మీద కూర్చుని కాలు చాపి చెప్పేశాడు. "కాలు పోతందే. నాయన కాలు పోయినట్టే. ఈస్టరుకి బాగవకపోతే కారు పోద్ది."

ఫిలోమినా ఆ కాలిని తన ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది. తన కోసం పట్టిన ఒక్కపొద్దే కదా ఇదంతా అన్న బాధ ఆమెది. ఆ బాధ పట్టలేక మర్నాడు గుడికి వెళ్ళి, వాళ్ళాయన కాలు కోసం ప్రార్థన చెయ్యమని పక్కింటి ప్రేమమ్మ చెవిలో చెప్పింది. ప్రేమమ్మ చెవిలో పడ్డ మాట అక్కడే ఉంటుందా?

ఊళ్ళో వాళ్ళకు అప్పటికే కొంత కనిపిస్తోంది. బస్కీలు తీసి తీసి శౌరికి తొడలు పట్టేశాయి. గుళ్ళో మోకరిస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, లేవాలంటే అబ్బా అంటున్నాడు. ఇంత తపస్సు ఈ గుడికి వచ్చేవాళ్ళలో ఎవరూ చెయ్యలేదని అమ్మలక్కలు తేల్చేశారు. సంగతి ఫాదరుగారి దాకా వెళ్ళింది. ఆయన శౌరిని పిలిచి భుజం తట్టి, మంచి శుక్రవారం నాడు ఊరేగింపులో సిలువ నువ్వే మొయ్యాలి నాయనా అన్నారు. మాను సిలువ అది. ఎప్పుడూ ఇద్దరు మోసేవారు. శౌరి సరేనని తల వంచాడు.

ఈలోగా పెద్దకారు ఊరికే ఉండదు కదా. చిలకలూరిపేటలో పత్తి లారీ తోలే అంకారావును నాగభూషణరావు గారు తాత్కాలికంగా పిలిపించారు. అంకారావుకు హారను అంటే ఇష్టం. కోడి అడ్డం వచ్చినా కొట్టేవాడు, రాకపోయినా కొట్టేవాడు. అయితే బండి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాడు. ఏళ్ళ తరబడి లారీ బ్రేకులు తొక్కిన కాలికి ఇదేం లెక్క? "ఏందో అనుకున్నా, బానే ఉందిగా బండి" అన్నాడు బీడీ ముట్టిస్తూ. దాంతో ఎక్కడో మూల మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. బండి బాగుంది, శౌరి కాలే బాగాలేదు.

ఒకరోజు షెడ్డులో ఇసక బస్తా నెడుతుంటే వీధిలోంచి హారను వినిపించింది. శౌరి తల ఎత్తి చూశాడు. తన సీటులో అంకారావు మోచెయ్యి కిటికీ మీద పెట్టి కూర్చున్నాడు. ఆ కిటికీ అంచున శౌరి ఏనాడూ మోచెయ్యి పెట్టి ఎరగడు, రంగు పోతుందని. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏంది శౌరీ?" అన్నాడు బాషా.

"చెమట భాయ్."

బాషా బస్తాలో మరి రెండు పారల ఇసక పోశాడు. ఆయనకు తెలిసిన ఓదార్పు అది.

మట్టల ఆదివారానికి ముందు ఆదివారం నాడు అంకారావును అతని లారీ యజమాని వెనక్కి పిలిచాడు. ఆ రోజే నాగభూషణరావు గారికి చిలకలూరిపేటలో తనకు వాటా ఉన్న పత్తి మిల్లుకు వెళ్ళాల్సిన పని పడింది. పెళ్ళి కాకముందు తనూ డ్రైవింగు నేర్చుకున్నవాడే. ఇంత మాత్రానికి ఒకరి కోసం చూడటమేమిటని స్టీరింగు ముందు కూర్చున్నారు. దారిలో బంధువుల ఇంట్లో దిగుతానని వీరరాఘవమ్మ గారు వెనక ఎక్కారు. దారి పొడుగునా రోడ్డు ఖాళీ. బ్రేకుతో పనే పడలేదు. బంధువుల ఊరు వచ్చినప్పుడు ఆయన మాటల్లో పడి దాటి పోనిచ్చారు, వచ్చేటప్పుడు దిగుదువులే అమ్మా అన్నారు.

మిల్లు గేటు తీసి ఉంది. కారు హుందాగా లోపలికి వచ్చింది. నాగభూషణరావు గారు బ్రేకు మీద కాలు వేశారు. ఇంకా వేశారు. మిల్లు గుమాస్తా దణ్ణం పెట్టడానికి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి పక్కకు దూకాడు. ఎదురుగా గింజ తీసిన దూది కొండలా పోసి ఉంది. పెద్దకారు ఏ చప్పుడూ లేకుండా ఆ దూదిలోకి వెళ్ళిపోయింది. బయటికి వెనక నంబరు ప్లేటు మాత్రం కనిపించింది.

ఎవరికీ గీత పడలేదు. దూదిలోంచి తల్లినీ కొడుకునూ బయటికి తీశారు. వీరరాఘవమ్మ గారు నోట్లోంచి దూది తీసుకుని కొడుకు వంక జాలిగా చూశారు.

"నీకూ కాలు పోయిందిరా నాగభూషణం."

"అమ్మా, నా కాలుకేం..."

"ఏం లేకపోతే ఆగలేదేం? ఆ శౌరిగాడన్నా నయం, గేటు కాడ ఆపాడు. రేపటి నుంచి నువ్వు కూడా పో బాషా కాడికి."

తల్లి మాటకు ఎదురు చెప్పడం నాగభూషణరావు గారు చిన్నప్పుడు నేర్చుకోలేదు, ఇప్పుడు కొత్తగా నేర్చుకునే వయసు కాదు. ఎవరికీ చెప్పవద్దని గుమాస్తాను బతిమాలారు. మిల్లు మనుషులు కారును తాళ్ళు కట్టి దూదిలోంచి లాగి, లారీ వెనక కట్టి నరసరావుపేటకు చేర్చి బాషా షెడ్డు ముందు వదిలారు. తాడు కట్టిన పెద్దకారు వెంట ఊరు సగం నడిచి వచ్చింది కాబట్టి ఇక గుమాస్తా చెప్పవలసిన అవసరం కూడా లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో తలుపు దగ్గరగా వేసి ఇద్దరికీ పని మొదలైంది. శౌరి పక్కన పంచె ఎగగట్టి నాగభూషణరావు గారు నిలబడ్డారు. అయ్యగారి పక్కన బస్కీలు తియ్యాలంటే శౌరికి ప్రాణం చచ్చిపోతోంది. అయ్యగారు కూర్చున్నప్పుడు తను నిలబడటం ఏం మర్యాద, అయ్యగారు నిలబడ్డప్పుడు తను కూర్చోవడం ఏం మర్యాద? చివరికి ఇద్దరూ ఒక్కసారే కూర్చుని ఒక్కసారే లేచేలా చూసుకున్నాడు.

"నీకెట్టా ఉందిరా ఇప్పుడు?" అన్నారు నాగభూషణరావు గారు రొప్పుతూ.

"పర్వాలేదయ్యా. మీకు కొత్త కదా. రెండ్రోజులు తొడలు లాగుతయ్."

కాసేపటికి కూర్చున్న నాగభూషణరావు గారు లేవలేదు. మోకాళ్ళు పట్టేశాయేమోనని బాషా వంగి చూశాడు. అది కాదు. ఆయన చూపు తలుపు సందులోంచి వెళ్ళి బయట కారు అడుగున ఆగిపోయింది. పుట్టాక ఆయన తన కారును అంత కిందనుంచి చూసింది లేదు.

"బాషా, ఆ అడుగున గుండ్రంగా ఆ డబ్బా ఏంది?"

"ఏదో డబ్బా రావుగారూ. లారీలకుండదు. దానికో మూతి కూడా ఉంది."

"ఆ మూతికి పైపుండాలా?"

"ఉండాలనే నాకూ అనిపించింది. పెద్దకారు కదా, అట్టానే ఉంటదేమో అనుకున్నా."

నాగభూషణరావు గారు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నేల మీద చతికిలబడ్డారు. శౌరి గుంటూరులో ఉన్న రోజుల్లో ఇంటికి కిరసనాయిలు డ్రమ్ము వచ్చింది. తియ్యడానికి పైపు కావాలని అమ్మ పోరు పెట్టింది. ఆయన బానెట్టు ఎత్తి వెతికారు. ఒక పైపు కదిపితే నీళ్ళు కారాయి, ఇంకోటి కదిపితే పెట్రోలు కారింది. ఈ నల్ల పైపు మాత్రం ఆ చివరా ఈ చివరా ఊడదీసినా చుక్క కారలేదు. ఏమీ మొయ్యని పైపు ఎందుకున్నట్టు? ఇంజను వైపు చక్కగా బిరడా చెక్కి పెట్టి, పైపు కడిగి అమ్మకు ఇచ్చారు. అంత శుభ్రంగా పని చేసినందుకు ఆ రోజు తన్ను తాను మెచ్చుకున్నారు కూడా.

"ఒరేయ్ శౌరీ" అన్నారు చివరికి.  "నీ కాలుకేం కాలేదు. నేనే పైపు పీకా."

శౌరికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఆ బిరడానా అయ్యా?"

"చూశావా నువ్వు?"

"మొదటి రోజే చూశానయ్యా. మీరు పెట్టారని అడగలేదు."

"అడగొచ్చుగదరా."

"మీరు పెట్టింది నేనెట్టా అడిగేది?"

 శౌరి వంగి మోకాలు తడుముకున్నాడు, పిక్క నొక్కి చూసుకున్నాడు, కాలు గట్టిగా నేలకేసి కొట్టాడు. తరవాత ఎవరికీ ఏమీ చెప్పకుండా షెడ్డు తలుపు తోసుకుని పరుగెత్తాడు. బస్టాండు దాటి, బజారు దాటి, ఒంటి మీది ఆముదంతోనే ఇంటిదాకా పరుగెత్తి, బియ్యం ఏరుతున్న ఫిలోమినా ముందు నిలబడి, "నా కాలు బానే ఉందే" అని భోరుమన్నాడు. బాగుంటే ఏడుపెందుకని తిట్టి, ఆమె కూడా ఏడ్చింది.

ఇక అసలు రిపేరు అప్పుడు మొదలైంది. కిరసనాయిలులో నాని ఆ పైపు ఉబ్బి మెత్తబడి దేనికీ పనికిరాకుండా పోయింది. డబ్బా విప్పితే మూతి తెరిచి ఉన్నందుకు లోపల కందిరీగ మట్టిగూడు కట్టుకుని కాపురం ఉంటోంది, తోలు బిళ్ళ ఎండి బీటలు వారింది. బాషా ఆ డబ్బా సంచిలో వేసుకుని బెజవాడ వెళ్ళి, కనుక్కుని వచ్చాడు.

"దీన్ని సర్వో అంటారంట రావుగారూ. ఆ పైపులోంచి ఇంజను ఇందులో గాలి పీలుస్తది. ఆ పీల్పుడికి తోలు బిళ్ళ కదిలి బ్రేకుని లాగుద్ది. డ్రైవరు కాలు ఆనిస్తే చాలు, మిగతా బలం ఇదిస్తది. సామాను మాత్రం దొరకదంట, పాత బండి కదా."

"మరెట్టా?"

"తోలు బిళ్ళ కొత్తది కోయించా. లారీ పైపు ఒకటి సరిపోతది. బిళ్ళ మెత్తబడాలంటే మంచి ఆముదంలో నానాలంట."

ఆముదానికేం కొదవ? షెడ్డు మూల జాడీలో సగానికి పైగా మిగిలే ఉంది. పెద్దకారుకు కావలసిన వైద్యం ఇన్నాళ్ళు శౌరి కాలి మీద తిరిగి చివరికి చేరవలసిన చోటికి చేరింది.

మంచి శుక్రవారం నాడు శౌరి ఆ మాను సిలువను ఒక్కడే మోశాడు. మధ్యలో సాయం వచ్చినవాళ్ళను వద్దన్నాడు. కాళ్ళున్న సంతోషం అది, ఊరు మాత్రం భక్తి అనుకుంది, రెండూ నిజమే కావచ్చు.

ఈస్టరు పొద్దున నాగభూషణరావు గారు కబురు పెట్టారు, మీ ఇద్దరూ ఇవాళ గుడికి పెద్దకారులోనే వెళ్ళాలని. తప్పయిందని నోటితో అనడం ఆయనకు చేతకాదు, ఆయన చేతనైన విధం అది. వెనక సీటులో వీరరాఘవమ్మ గారు, ఆవిడ పక్కన కొత్త చీరలో ముడుచుకుని ఫిలోమినా. ముందు శౌరి పక్కన నాగభూషణరావు గారు, ఒళ్ళో ఫాదరుగారికి ఇవ్వమని తల్లి వండించిన పరమాన్నం గిన్నె. శౌరి సీటులో కూర్చుని, కిటికీ అంచున అంకారావు మోచెయ్యి పెట్టిన చోట గుడ్డతో తుడిచి, స్టీరింగు మీద చెయ్యి వేశాడు.

రైలుగేటు వేసి ఉంది. శౌరి బ్రేకు మీద కాలు ఆనించాడు.

నెయ్యి తాగిన కాలు అది, బస్కీలు తీసిన కాలు, ఇసక బస్తాలు నెట్టిన కాలు. దానికి తోడు ఆముదం తాగిన సర్వో. కారు గేటుకు అంత దూరాన భూమిలో పాతినట్టు ఆగిపోయింది. పరమాన్నం సగం అద్దానికి, సగం నాగభూషణరావు గారి గడ్డానికి అంటుకుంది. వెనక వీరరాఘవమ్మ గారూ ఫిలోమినా ఒకరినొకరు కావలించుకుని ముందు సీటుకు గుద్దుకున్నారు.

"మెల్లగా తొక్కరా" అన్నారు నాగభూషణరావు గారు జీడిపప్పు తీసుకుంటూ.

"ఆనించానంతేనయ్యా."

మెల్లగా పోనిచ్చి మళ్ళీ ఆనించాడు. మిగిలిన పరమాన్నం కూడా గిన్నెలోంచి సెలవు తీసుకుంది. గుడి చేరేలోపల అలా ఇంకో నాలుగైదు చోట్ల జరిగింది. సాయంత్రం బాషాను పిలిపించి కారు చూపించారు. ఆయన తొక్కి చూసి, దిగి, శౌరి కుడి పిక్క నొక్కి చూసి, "బ్రేకుకేం కాలేదు రావుగారూ" అన్నాడు.

ఆ మాట విన్న వీరరాఘవమ్మ గారు శౌరి పిక్క వంక చూసి, కాస్త నీరసం పడితే గానీ ఈ కాలు దారికి రాదని తేల్చి, తపస్సు కాలం మళ్ళీ ఎప్పుడొస్తుందో కనుక్కు రమ్మని ఫాదరుగారి దగ్గరికి మనిషిని పంపారు.